ముట్టినట్టు రాసిన రసీదు: మనుషుల మెప్పు, దేవుని మెప్పు

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఒకే మాట మూడుసార్లు వస్తుంది: "వారు తమ ఫలము పొందియున్నారు." ధర్మం చేస్తూ ముందు బూర ఊదించుకునేవారి గురించి 2వ వచనంలో, వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవారి గురించి 5వ వచనంలో, ముఖం వికారంగా పెట్టుకుని ఉపవాసం ఉండేవారి గురించి 16వ వచనంలో. మామూలుగా చదివితే మందలింపులా వినిపిస్తుంది. కానీ "పొందియున్నారు" అని తెలుగులోకి వచ్చిన గ్రీకు క్రియ అపెఖో. ఆ కాలపు రసీదుల్లో రాసే మాట అదే. ఈజిప్టులో బయటపడిన పపైరస్ ముక్కల మీద, పన్ను కట్టినవారికి రాసిచ్చిన కుండపెంకుల మీద "నాకు రావలసినది పూర్తిగా ముట్టింది" అన్న అర్థంలో అది కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్‌మాన్ ఆ రసీదులను కొత్త నిబంధన పక్కన పెట్టి ఈ పోలికను అందరి దృష్టికీ తెచ్చాడు.

ప్రోనోటు వెనక చెల్లు రాయడం మనకు తెలిసిందే. చెల్లు పడ్డాక ఆ కాగితం మీద ఎవరికీ ఏమీ రావలసినది ఉండదు. యేసు అక్కడ మాట్లాడుతున్నది ఆ లెక్క గురించే. వాళ్లు కోరింది జనం చూపు. జనం చూశారు, మెచ్చుకున్నారు, కూలి ముట్టింది. ఇక తండ్రి దగ్గరికి వెళ్లి అడగడానికి బాకీ ఏమీ మిగల్లేదు.

ఈ విషయం మీద ప్రసంగాలు చాలావరకు "మనుషులను చూడకండి, దేవుణ్ణే చూడండి" అన్న దగ్గర ఆగిపోతాయి. మాట సరైనదే. ఆచరణలో పెట్టబోతేనే ముడులు పడతాయి. మంచి పేరు కోరుకోవచ్చా? సంఘం డబ్బుకు లెక్క అడిగితే చూపించడం మనుషులకు లొంగిపోవడమా? ఎవరైనా మెచ్చుకుంటే సంతోషించడం పాపమా? దేవుని మెప్పు కోసం పాటుపడితే అది క్రియలతో రక్షణ కొనుక్కోవడం కాదా? ఈ ముడులు విప్పకపోతే రెండు నష్టాలు. సున్నితమైన మనసున్నవారు ప్రతి మంచి పనికీ తమను తామే అనుమానించుకుంటూ నలిగిపోతారు. జవాబుదారీతనం ఇష్టం లేనివారికేమో అదే మాట డాలుగా పనికొస్తుంది.

వేషం ఎవరి కోసం

"వేషధారులు" అన్నది తెలుగు బైబిలు అనువాదకులు ఎంచిన చాలా మంచి మాట. గ్రీకులో హిపోక్రితేస్ అంటే మొదట రంగస్థలం మీద పాత్ర కట్టే నటుడే. 6:1లో మనుషులకు "కనబడవలెనని" అన్న క్రియ కూడా థియేటర్ అనే మాట పుట్టిన ధాతువు నుంచే వచ్చింది.

మన పల్లెల్లో పగటివేషగాళ్లు రోజుకో వేషం కట్టి వీధులు తిరిగి, ఆఖరు రోజున ఇంటింటికీ వచ్చి సంభావన పుచ్చుకునేవారు. అందులో మోసం లేదు. చూపించడమే వాళ్ల పని, చూసినవాళ్లు ఇచ్చేదే వాళ్ల కూలి. ప్రార్థనకు మాత్రం ఈ పద్ధతి కుదరదు. అది ఒకరిని ఉద్దేశించి పలికేది. దాన్ని మరొకరికి చూపించడం కోసం పలికితే, చిరునామా ఒకరిది రాసి ఉత్తరం ఇంకొకరి చేతికి ఇచ్చినట్టవుతుంది. వేషధారణ అంటే నమ్మకం బొత్తిగా లేకపోవడమే అనుకోనక్కరలేదు. నమ్మకం ఉన్నవాడు కూడా ఎవరు చూస్తున్నారో మరచిపోవచ్చు.

ఒకే ప్రసంగంలో రెండు ఆజ్ఞలు

మత్తయి 5:16లో మనుషులు మీ సత్క్రియలు చూసేలా వెలుగు ప్రకాశింపనియ్యండి అన్నవాడే, అదే కొండమీద ప్రసంగంలో 6:1లో మనుషులకు కనబడాలని వారి ఎదుట నీతికార్యాలు చేయకుండా జాగ్రత్తపడండి అన్నాడు. రెండు వచనాల్లోనూ "ఎందుకు" అన్నది ఉంది, తేడా అక్కడే. మొదటిదానిలో చూసినవారు తండ్రిని మహిమపరుస్తారు. రెండోదానిలో చూడడంతోనే కథ ముగుస్తుంది.

ఆచరణకు వ్యాఖ్యాతలు ఎప్పటినుంచో చెప్పే సూత్రం ఒకటుంది: దాచుకోవాలనిపించిన చోట చూపించు, చూపించాలనిపించిన చోట దాచు. ఆఫీసులో తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టమన్నారు. క్రైస్తవుణ్ణని చెప్పుకుంటే నవ్వుతారేమోనని నోరు మెదపాలనిపించదు. అక్కడ వెలుగు కనబడాలి. ఆదివారం కానుకల వేళ కవరు మీద పెద్ద అక్షరాలతో పేరు రాయాలనిపిస్తుంది. అక్కడ తలుపు వేసుకోవాలి. రెండు చోట్లా మనుషులే ఉన్నారు, లోపలి ఒత్తిడి మాత్రం ఎదురుదిశల్లో లాగుతోంది.

పౌలు రాతల్లోనూ ఇలాంటి జంటే ఉంది. మనుషులను సంతోషపెట్టేవాణ్ణయితే క్రీస్తు దాసుణ్ణి కాకుండా పోతానని గలతీ 1:10లో అన్నాడు. 1 కొరింథీ 10:33లో అన్ని విషయాల్లో అందరినీ సంతోషపెడుతున్నానన్నాడు. గ్రీకులో రెండు చోట్లా ఒకే క్రియ. దీన్ని విప్పడానికి అతను చేసిన రెండు పనులు చూస్తే చాలు. అక్కడి యూదులను బట్టి తిమోతికి సున్నతి చేయించాడు (అపొస్తలుల కార్యములు 16:3). యూదుడు కాని తీతు విషయంలో ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోలేదు (గలతీ 2:3-5). తిమోతి దగ్గర అది ఆ ప్రజల మధ్యకు వెళ్లడానికి దారి. తీతు దగ్గర అదే పనిని రక్షణకు షరతుగా అడిగారు. ఆచారంలో, తిండిలో, కట్టులో, మాట తీరులో ఎదుటివారి మేలు కోసం ఎంతైనా వంగవచ్చు. సువార్త సత్యం దగ్గర వంగడానికి వీల్లేదు. వంగినప్పుడు లాభం ఎవరికి అన్నది రెండో ప్రశ్న. ఎదుటివారికైతే అది ప్రేమ, మన పేరుకైతే అది మెప్పు వేట.

మెప్పు, మంచి పేరు, లెక్క చెప్పడం

ఈ మూడింటినీ కలిపేయడం వల్ల జరిగినంత హాని మరి దేనివల్లా జరగలేదని చెప్పవచ్చు. "నేను దేవునికే జవాబు చెబుతాను, మనుషులకు కాదు" అన్న మాట వినడానికి భక్తిగానే ఉంటుంది. సంఘం డబ్బు చేతిలో ఉన్న మనిషి నోట వస్తే మాత్రం ఆ మాట వాక్యానికి విరుద్ధం.

మాసిదోనియ, అకయ సంఘాల నుంచి యెరూషలేము పేదలకు పౌలు చందా కూడబెట్టించాడు. ఆ డబ్బు తీసుకెళ్లడానికి తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట పెట్టాడు. కారణం 2 కొరింథీ 8:20-21లో ఉంది: ఈ పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పు పట్టకూడదని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని. "మనుషుల దృష్టిలో కూడా" అన్నది పౌలు మాటే. అధ్యక్షుడు సంఘం బయటివారి చేత మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని 1 తిమోతి 3:7 అంటోంది. గొప్ప ఐశ్వర్యం కంటే మంచి పేరు కోరదగినదని సామెతలు 22:1 చెబుతోంది. మంచి పేరు అంటే నమ్మదగిన ప్రవర్తనకు ఇరుగుపొరుగు ఇచ్చే సాక్ష్యం. దాని కోసం వేషం కట్టనక్కరలేదు, రోజూ చేసేది సరిగ్గా చేస్తే చాలు.

ఆదివారం కానుకల్లో దీన్ని ఇలా అమలు చేయవచ్చు. ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు, మందిరం విడిచి వెళ్లకముందే డబ్బు లెక్కపెట్టాలి. ఏ నోట్లు ఎన్ని అన్నది విడివిడిగా పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. మరుసటి పనిదినాన మొత్తం బ్యాంకులో కట్టి, ఆ స్లిప్పును అదే పేజీకి అతికించాలి. సంచిలో నుంచి నేరుగా ఏ ఖర్చూ పెట్టకూడదు. ఎక్కువ సంఘాల్లో లెక్క తప్పేది ఇక్కడే. ప్రసంగానికి వచ్చినవారి దారి ఖర్చులకనో, కరెంటు బిల్లుకనో అప్పటికప్పుడు కొంత తీస్తారు. తీసినవారికి దురుద్దేశం ఉండదు. కానీ ఆర్నెల్ల తర్వాత పుస్తకానికీ బ్యాంకుకూ పొంతన కుదరదు, అప్పుడు నిజాయితీపరుడి మీద కూడా అనుమానం వస్తుంది. ఖర్చు ఏదైనా ముందు జమ చేసి, తర్వాత ఓచరు రాసి తీయాలి. నెలకోసారి రాబడి ఎంత, దేనికి ఎంత పోయిందీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఏడాదికోసారి కమిటీలో లేని మనిషి చేత పుస్తకాలు తనిఖీ చేయించాలి.

అంటే మొత్తాలు అందరికీ తెలియాలి, ఇచ్చినవారి పేర్లు తెలియకూడదు. చాలా చోట్ల ఇది తలకిందులైంది. ఫలానా కుటుంబం ఇంత ఇచ్చిందని మైకులో చదువుతారు, మొత్తం ఎంత వచ్చిందో ఎవరికీ చెప్పరు. మందిరంలో ఫ్యాను రెక్క మీద, కుర్చీ వీపు మీద, గడప రాయి మీద దాతల పేర్లు రాయడం కూడా ఈ కోవలోదే. పోయిన అమ్మనో నాన్ననో తలచుకుంటూ ఇచ్చే కానుక వెనక ఉన్న దుఃఖాన్ని చిన్నబుచ్చకూడదు. ఆ జ్ఞాపకాన్ని మరణ తేదీన ప్రార్థనలో పేరు తలచి నిలపవచ్చు. ఫ్యాను మీద పేరు పడితే మాత్రం, ఫ్యాను కొనలేని విధవరాలు ఆ కింద కూర్చున్నప్పుడల్లా తన స్థానం ఏమిటో చదువుకోవలసి వస్తుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించడం గురించి యాకోబు 2వ అధ్యాయంలో రాసింది ఈ బాధనే.

నలుగురూ ఏమనుకుంటారు

మెప్పు మీద ఆశకు అవతలి వైపు వెలి పడతామన్న భయం. యోహాను 12:42-43లో యేసును నమ్మిన అధికారులు కనిపిస్తారు. నమ్మకం ఉంది, పైకి ఒప్పుకోలేదు. సమాజంలో నుంచి వెలివేస్తారని భయం. దేవుని మెప్పు కంటే మనుషుల మెప్పును ఎక్కువగా అపేక్షించారని యోహాను సూటిగా రాశాడు. వెలి అంటే ఏమిటో తెలుగు పల్లెలకు వివరించనక్కరలేదు. నీళ్లు, పని, పెళ్లిసంబంధం, శవానికి భుజం పట్టేవారు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. కాబట్టి ఆ అధికారులను తేలిగ్గా పిరికివారనడం న్యాయం కాదు. వాళ్లు పోగొట్టుకునేది నిజమైన సంపదే. మరింత నిజమైనదాన్ని దానికి బదులుగా వదులుకున్నారు.

దీనికి అతి దగ్గరగా చూడదగిన ఉదాహరణ అంతియొకయలో పేతురు (గలతీ 2:11-14). అన్యజనులతో కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. పేతురు మెల్లగా వెనక్కి తగ్గి వేరైపోయాడు. ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క సిద్ధాంతం మార్చలేదు, భోజనాల బంతి మాత్రం మారాడు. అతన్ని చూసి తక్కిన యూదులు, చివరికి బర్నబా కూడా అదే పని చేశారు. పౌలు దీనికి వాడిన మాట మత్తయి 6లోని వేషధారణే. బంతి మారడాన్ని సువార్త సత్యం నుంచి తప్పడంగా లెక్కించి అందరి ఎదుటా నిలదీశాడు.

తెలుగు క్రైస్తవులు తమ ఇళ్లలోకి ఈ వచనాన్ని తెచ్చుకోవలసిన చోటు పెళ్లి. ఆదివారం ఒకే రొట్టెలో పాలుపంచుకుని, సోమవారం సంబంధం చూసేటప్పుడు కులం అడగడం బంతి మారడమే. కట్నం కూడా అంతే. 1961 నుంచి చట్టం దాన్ని నేరంగా చెబుతోంది, వాక్యం అంతకు ముందే ప్రేమను అమ్మకానికి పెట్టవద్దంది. అయినా "నలుగురిలో తలెత్తుకోవాలి" అన్న ఒక్క మాట చట్టాన్నీ వాక్యాన్నీ దాటేస్తుంది. ఈ ఒత్తిడిని పెళ్లి పందిట్లో నిలబడి ఎదిరించడం ఎవరివల్లా కాదు. నిశ్చితార్థానికి ముందే రెండు కుటుంబాలూ కూర్చుని మూడు విషయాలు కాగితం మీద పెట్టుకోవాలి: ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు, అప్పు చేయకుండా పెట్టగల ఖర్చు ఇంత, ఆ ఖర్చులో పిలవగల జనం ఇంతమంది. తేదీ ఖాయమై కార్డులు అచ్చయ్యాక ఈ మాట ఎత్తితే పంతాలు మొదలవుతాయి, ముందే ఎత్తితే అది ఒప్పందం అవుతుంది. కాపరిగారిని సాక్షిగా పెట్టుకుంటే బంధువుల మాటకు ఆ తల్లిదండ్రులు ఒంటరిగా జవాబు చెప్పుకోవలసిన పని ఉండదు.

సౌలు రాజు జనానికి జడిసి వారి మాట విన్నానని ఒప్పుకున్నాడు (1 సమూయేలు 15:24). ఆరు వచనాల తర్వాత, పెద్దల ఎదుట తనను ఘనపరచమని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు. పశ్చాత్తాపం కూడా పరువు కాపాడుకునే పనిగా మారవచ్చని ఆ వచనం చెబుతోంది. బహిరంగంగా క్షమాపణ చెప్పేవారు ఒకసారి చదవదగిన చోటు.

అంగీకారం ముందు, మెప్పు తర్వాత

దేవుని మెప్పు కోరడమంటే ఆయన ప్రేమను సంపాదించుకోవడమని చాలామంది అనుకుంటారు. అలా అనుకుంటే జీవితమంతా పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది. సువార్త వరుస వేరు. యొర్దానులో బాప్తిస్మం పొందినప్పుడు "ఈయనయందు నేనానందించుచున్నాను" అన్న స్వరం వినబడే నాటికి యేసు చేసిన ఒక్క అద్భుతాన్నీ, ఒక్క ప్రసంగాన్నీ మత్తయి రాయలేదు. కుమారుడన్న మాట ముందు, పని తర్వాత. క్రీస్తులో ఉన్నవారికీ ఇదే వరుస.

మరి మెప్పు ఎక్కడ? 1 కొరింథీ 3:12-15లో పౌలు కట్టడం పోలిక తెస్తాడు. పునాది క్రీస్తు. దానిమీద కొందరు బంగారం, వెండి, వెలగల రాళ్లతో, కొందరు కర్ర, గడ్డి, కొయ్యకాలుతో (కోసిన చేలో మిగిలే దుబ్బుతో) కడతారు. అగ్ని వచ్చినప్పుడు కొందరి పని కాలిపోతుంది, కట్టినవాడు మాత్రం రక్షించబడతాడు. అంటే పరీక్ష పనికి, దేవుని పిల్లవాడిగా అతని స్థానానికి కాదు. ఆ పరీక్ష తర్వాత ప్రతివాడికీ తగిన మెప్పు దేవుని వలన కలుగుతుందని తర్వాతి అధ్యాయం 5వ వచనం చెబుతోంది. అంగీకారం ఖాయమని తెలిసినవాడికే చప్పట్లు లేకుండా పని చేయగల తీరిక దొరుకుతుంది. అది ఖాయం కానివాడు ఎదురుపడ్డ ప్రతి ముఖంలోనూ తన మార్కులు వెతుక్కుంటాడు.

ధర్మం, ప్రార్థన, ఉపవాసం

ధర్మానికి 1 కొరింథీ 16:2 మంచి ఆరంభం: వర్ధిల్లిన కొలదిగా ముందే తీసి దగ్గర పెట్టుకోవడం. జీతం పడిన రోజే వాటా పక్కకు తీస్తే, తర్వాత ఎవరైనా అడిగినప్పుడు ఇచ్చేది అప్పటి ఉద్రేకం మీద ఆధారపడదు. ఒక కుటుంబానికి సాయం చేయాలంటే వారి చేతికి ఇవ్వడం కంటే బాకీ ఉన్న చోట కట్టడం మేలు: బడి ఫీజు కౌంటర్లో, కిరాణా కొట్టు పద్దులో, మందుల షాపులో. ఇచ్చినది ఎవరో వారికి తెలియనక్కరలేదు. ట్రస్టులు దాతలకు నివేదిక పంపాలి కాబట్టి ఫోటోలు తప్పవంటారు. మూటల ఫోటో, కొన్న బిల్లు, ఎంతమందికి ఇచ్చారన్న సంఖ్య, సంతకాల పుస్తకం పంపితే నివేదికకు లోటు రాదు. బియ్యం మూట అందుకుంటూ తల దించుకున్న మనిషి ముఖం ఆ నివేదికలో ఉండనక్కరలేదు.

ప్రార్థనకు "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అన్నప్పుడు గది అన్నచోట గ్రీకు మాట తమెయియోన్, అంటే సరుకులు దాచే కొట్టుగది. గింజలు, నూనె జాడీలు ఉండే లోపలి గది. అక్కడ పీట వేసి కూర్చున్నవాణ్ణి ఎవరూ చూడరు. ఒకే గది ఇల్లయితే తలుపు బదులు వేళను పెట్టుకోవాలి. అందరూ లేవకముందు పావుగంట చాలు. బహిరంగ ప్రార్థన తప్పు కాదు, యేసే లాజరు సమాధి దగ్గర అందరి ఎదుటా ప్రార్థించాడు. అది పక్కదారి పట్టేది, దేవునికి చెబుతున్నట్టు వింటున్నవారికి ప్రసంగం చేసినప్పుడు, పక్కవారి తప్పులను ప్రార్థనలో పెట్టి అందరికీ తెలియజేసినప్పుడు. కూడికలో ప్రార్థించమంటే రెండు మూడు నిమిషాలు చాలు. ఇంట్లో ఒంటరిగా చేసేదానికంటే మైకు ముందు చేసేది పొడవైపోతే ఆగి చూసుకోవలసిందే.

ఉపవాసానికి యేసు చెప్పింది ముఖం కడుక్కుని తలకు నూనె రాసుకోమని, అంటే మామూలు రోజులా కనిపించమని. తొలి సంఘపు చేతిపుస్తకం దిదాకే వేషధారులు వారంలో రెండో రోజు, ఐదో రోజు ఉపవాసం ఉంటారు కాబట్టి మీరు బుధ, శుక్రవారాలు ఉండండి అంటుంది. రోజులు మార్చడం సులువే, గుండె మార్చడమే కష్టమని ఆ ఒక్క వాక్యం చదివితే అనిపిస్తుంది. సంఘమంతా కలిసి ప్రకటించుకున్న ఉపవాసంలో దాచవలసినది ఏమీ లేదు. వ్యక్తిగతంగా 21 రోజులు, 40 రోజులు అని లెక్క చెప్పుకోవడమే సమస్య. ఎవరైనా భోజనానికి పిలిస్తే "ఇప్పుడు వద్దండి" అంటే సరిపోతుంది. అబద్ధం లేదు, చాటింపూ లేదు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం మానడం ప్రమాదం. కూడికలో తాము ఒక్కరే తింటే ఏమనుకుంటారోనన్న భయంతో మానేవారున్నారు. దేవుని కోసమని మొదలైన ఉపవాసం అక్కడ మనుషుల కోసం అయిపోయింది.

ఉల్లిపాయ

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి మనిషిని వేధించే ఆలోచనలను ఎనిమిదిగా విడదీసి, కీర్తి కాంక్షను గర్వం నుంచి వేరుగా పెట్టాడు. గర్వానికి ప్రేక్షకులు అవసరం లేదు, కీర్తి కాంక్షకు కావాలి. అతని బోధను పశ్చిమానికి తెచ్చిన జాన్ కాసియన్ దీన్ని ఉల్లిపాయతో పోల్చాడు. ఒక పొర తీస్తే కింద ఇంకో పొర. మంచి బట్టలు కట్టుకుంటే ఒక మెప్పు, మానేస్తే సాదాగా ఉంటాడన్న మెప్పు. మాట్లాడితే ఒకటి, మౌనంగా ఉంటే మరొకటి. రహస్యంగా ఇచ్చినవాడు తన రహస్యాన్ని చూసి తానే మురిసిపోవచ్చు.

కాబట్టి లోపల ఉద్దేశం పూర్తిగా శుద్ధమయ్యే దాకా మంచి పని ఆపుకోవడం తప్పు దారి. ఆకలిగా ఉన్నవాడికి మన ఉద్దేశాల పరీక్ష పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఉండదు. అసూయతో క్రీస్తును ప్రకటించేవారి గురించి కూడా క్రీస్తు ప్రకటించబడుతున్నాడని సంతోషించాడు పౌలు (ఫిలిప్పీ 1:15-18). మంచి మంచిగానే ఉంది, ఉద్దేశాన్ని దేవుని ముందు ఒప్పుకుని పని కొనసాగించాలి. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదంటే మన లెక్క మనమే రాసుకోకపోవడం కూడా. మత్తయి 25లో నీతిమంతులు "ప్రభువా, ఎప్పుడు నీవు ఆకలిగొనుట చూచితిమి?" అని అడుగుతారు. వాళ్లకు గుర్తే లేదు.

ఎవరైనా మెచ్చుకుంటే "సంతోషమండి" అని ఊరుకోవడమే శుభ్రమైన జవాబు. "నాదేం లేదు, అంతా దేవుడే" అన్నది నిజమే అయినా, అలవాటుగా అంటే ఎదుటివారు ఇంకోసారి మెచ్చుకోవలసి వస్తుంది. వెండికి మూస, బంగారానికి కొలిమి ఎలాగో మనిషికి అతను పొందిన కీర్తి అలాగని సామెతలు 27:21 అంటోంది. తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీన్ కూడా మనుషుల నాలుకను మన అనుదిన కొలిమి అన్నాడు. మెచ్చుకోవడం మానేయమని ఈ వచనాలు చెప్పడం లేదు. ఫిలిప్పీ సంఘం తన దగ్గరికి పంపిన ఎపఫ్రొదితు వంటివారిని ఘనపరచండని పౌలే రాశాడు. మనం ఇచ్చే ప్రోత్సాహం ఎదుటివారికి ఆహారం, వారు మనకిచ్చేది మనకు పరీక్ష.

విమర్శ వచ్చినప్పుడు దాన్ని కాగితం మీద రాసి, తిట్టులో ఉన్న వేడి కొట్టేసి, మిగిలిన వాస్తవం చూడాలి. అది నిజమో కాదో మనమంటే భయం లేని ఒక్కరిని అడగాలి. "నా మనస్సాక్షి నిర్మలం" అన్న మాటతో తప్పించుకోలేం. నాలో నాకు ఏ దోషమూ కనబడకపోయినా అందువల్ల నీతిమంతుడిగా ఎంచబడనని పౌలే అన్నాడు (1 కొరింథీ 4:4).

నెల్లూరు, ఒంగోలు

మెప్పు లేకుండా సాగిన పనికి మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. వారి మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా చేరినవారు వేళ్ల మీద లెక్కించేంత మందే. 1853లో అమెరికాలో జరిగిన సభలో ఆ మిషనును మూసేయడం గురించి చర్చించారు. పటంలో ఒకే ఒక్క చుక్కగా ఉంది కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అన్న పేరు వచ్చింది. అక్కడి మిషనరీ లైమన్ జూయెట్ మాత్రం వదిలి వెళ్లలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అతనూ భార్యా మరో ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒంగోలులోని కొండమీద ప్రార్థించారు.

తర్వాత జాన్ క్లౌ అనే మరో మిషనరీ వచ్చాడు. 1876-78 కరవులో కూలీలకు పని చూపించడానికి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. బియ్యం కోసం చేరారన్న మాట రాకూడదని దాదాపు 15 నెలలు ఇవ్వలేదు. ఆ 15 నెలల్లో ఇచ్చి ఉంటే అమెరికాకు పంపే నివేదిక నిండిపోయేది. సాయం పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ చరిత్రను ఆ 2,222 కోసమే చెబుతుంటాం. అలా చెబితే మళ్లీ సంఖ్యతోనే తూచినట్టు. శామ్యూల్ డే 1871లోనే కన్నుమూశాడు, ఆ రోజు చూడలేదు. 1853లో మూసివేత గురించి చర్చ జరిగినప్పుడు జూయెట్ చేతిలో చూపించడానికి ఏ సంఖ్యా లేదు.

రెండు కాసులు

యెరూషలేము ఆలయంలో కానుకలకు బూర ఆకారంలో 13 పెట్టెలు ఉండేవని యూదుల ధర్మశాస్త్ర బోధల సంకలనమైన మిష్నా చెబుతోంది. మార్కు 12:41-44లో యేసు కానుకపెట్టె ఎదుట కూర్చుని చూస్తున్నాడు. ధనవంతులు విశేషంగా వేస్తున్నారు. ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ఒక దేనారం కూలివాడి రోజు కూలి, ఆ రెండు కాసులు దేనారంలో 64వ వంతు. ఈనాటి కూలి 640 రూపాయలనుకుంటే 10 రూపాయలు. అదే ఆమె జీవనమంతా. అందరికంటే ఆమె ఎక్కువ వేసిందని యేసు అన్నాడు. శిష్యులను దగ్గరికి పిలిచి వాళ్లకు చెప్పాడు. ఆమెతో ఏమైనా అన్నట్టు మార్కు రాయలేదు.